గోరంత రాయి

ఇమ్మానుయేలు అప్పటికి వినాయకుడి బొజ్జ దాకా వచ్చాడు. ఎడమచేత్తో చెంబులోని నీళ్లు కొద్దికొద్దిగా వంచుతూ, కుడిచేతిలోని సానరాయితో గుండ్రంగా రుద్దుతున్నాడు. నల్లరాయి మీద తెల్లటి బురద లేచి, మోచేతి దాకా పాకి, అక్కడ ఎండి పొలుసు కడుతోంది. బొజ్జ రుద్దడం తేలిక పనని కొత్తవాళ్లు అనుకుంటారు. తేలికేం కాదు. మూలల్లో, మడతల్లో ఒక గీత మిగిలినా నీడ దాన్ని దాచేస్తుంది. బొజ్జ మీద మిగిలితే ఎండ పడగానే ఊరందరికీ కనిపిస్తుంది. ఇరవై ఏడేళ్లుగా, ఆళ్లగడ్డ రోడ్డు పక్కన నాగలింగాచారి పందిట్లో కూర్చుని అతను చేస్తున్న పని అదే. ఇంకొకరు చెక్కిన దేవుళ్లను నున్నగా చేస్తాడు.

పొట్టి మనిషి. ఛాతీ లోపలికి పోయింది. కనురెప్పల వెంట్రుకలు రాతిపొడికి ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి గనక, నలభై ఎనిమిదేళ్లకే అరవై ఏళ్లవాడిలా కనిపిస్తాడు. కుడిచేతి బొటనవేలు సానరాయికి ఒత్తి ఒత్తి చదునైపోయింది. గంటకోసారి పనాపి దగ్గుతాడు. ఆ దగ్గును పందిట్లో ఎవరూ పట్టించుకోరు, అక్కడ దగ్గనివాడు లేడు.

సంజామల దగ్గరి పల్లె నుంచి కరువు పనికని వచ్చి, లారీలోంచి రాళ్లు దించే కూలీగా చేరి, రుద్దేవాడయ్యాడు. హనుమంతుడి తోకలు, అమ్మవార్ల మోచేతులు, నందుల మూపురాలు ఎన్నో అతని చేతికింద నిగ్గుతేలాయి. ముఖాలు మాత్రం అతనికివ్వరు. ముఖం ఆచారే చెక్కాలి, ఆచారే రుద్దాలి. ఆదివారం చర్చిలో పాస్టరు ఆనందరావుగారు ఒకసారి విగ్రహాలు చేసేవాళ్ల గురించి, సరిగ్గా ఇమ్మానుయేలు వైపే చూస్తూ, ముప్పావుగంట ప్రసంగించారు. ఆరాధన అయ్యాక ఇమ్మానుయేలు ఆయన దగ్గరికి వెళ్లి, “నేను చేసేది లేదయ్యగారూ, రుద్దేది అంతే” అన్నాడు. పాస్టరుగారికి దానికి వాక్యం దొరకలేదు.

అట్లాంటి మనిషికి ఒక ముఖం వచ్చిపడింది. పందిరి మూలన గోనెపట్టా కప్పి ఉన్నది అదే.

నంద్యాలలో ఒక చిన్న దవాఖానా నడిపే సిస్టర్ రెమేదియోస్‌ది ఆ విగ్రహం. ఆమెది స్పెయిన్ దేశం. వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఆ పేరు నోటికి పట్టక జనం మొదట్లోనే రేమమ్మ అనేశారు, ఆమె కూడా అదే పేరుకు పలకడం అలవాటు చేసుకుంది. పొడుగు మనిషి, ఎండకు ఎర్రబారిన మెడ, ఒక కొమ్మ విరిగితే దారంతో కట్టుకున్న కళ్లద్దాలు. దవాఖానా వరండాలో, బిడ్డలు దక్కని తల్లులు కూర్చునే చోట, ఒక తల్లి విగ్రహం పెట్టాలని ఆమె కోరిక. అగ్గిపెట్టె బొమ్మంత పటమొకటి తెచ్చి ఆచారికి చూపింది. అందులో నల్లబట్టలు కట్టుకున్న మరియమ్మ కూర్చుని ఉంది. కొడుకును సమాధి చేసి వచ్చాక ఒంటరిగా కూర్చున్న తల్లి. ఒళ్లో మడిచిన గుడ్డ. అన్నీ ఉన్నాయి గానీ ముఖం లేదు. ముప్పై ఏళ్లుగా సిస్టరమ్మ ప్రార్థన చేసినప్పుడల్లా బొటనవేలితో నిమిరి నిమిరి ముఖాన్ని తుడిచేసింది. ఇమ్మానుయేలు ఆ తెల్లటి చోటును చూసి, ఈమె కూడా రుద్దే మనిషే అనుకున్నాడు.

ముఖం ఎలా ఉండాలని అడిగితే ఆమె తెలుగు మాట కోసం వెతుక్కుని, “నొప్పి” అంది.

రేమమ్మది దవాఖానా తెలుగు. నొప్పి, జ్వరం, దగ్గు, ఎన్ని రోజులు, నాలుక చూపు, మళ్లీ సోమవారం రా. అవసరమైన మాటలన్నీ ఇరవై రెండేళ్లలో నోటికి వచ్చాయి, అవసరం పడనివి రాలేదు. దిగులు, బెంగ, దుఃఖం చీటీ మీద రాసేవి కావు కదా. వాటికి ఆమె దగ్గర మందూ లేదు, మాటా లేదు.

మొదటి ముఖం ఆచారి చెక్కాడు. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది, పెదవుల చివర చిన్న నవ్వు వచ్చి కూర్చుంది. సిస్టరమ్మ చూసి, “బాగుంది. కాదు” అంది. తన జీవితంలో ఏ దేవతా తన ముఖాన్ని కాదనలేదని ఆచారికి రోషం వచ్చింది. ఉలి తీసి ఇమ్మానుయేలు ముందు పడేశాడు.

“మీ అమ్మోరే గదప్పా, నువ్వే చూసుకో.”

“మా గుడిలో బొమ్మలు ఉండవు సామీ. సిస్టరమ్మోళ్ల గుడి వేరే, మాది వేరే.”

“వేరేదేంది? ఏసు ఒగడే గదా?”

“ఒగడే సామీ.”

“మరి ఆయనకు తల్లులు ఇద్దరా?”

ఇమ్మానుయేలు ఉలి అందుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఉలి చూడగానే అతని చెయ్యి జివ్వుమంది. ఇరవై ఏడేళ్లుగా ముఖాలను పక్కనుంచి చూస్తున్నవాడు. ఆచారి చెక్కిన ముఖాన్ని తీసేసి, అదే రాతి మీద పన్నెండు రోజులు కూర్చుని చెక్కాడు. నొప్పి అన్నది కాబట్టి నొప్పే చెక్కాడు. నుదుట మూడు ముడతలు, ముడిపడిన కనుబొమలు, బిగబట్టిన దవడ.

సిస్టరమ్మ జీపు దిగి వచ్చి, విగ్రహం ముందు నిలబడి, తల పక్కకు వాల్చి చూసింది. దవాఖానాలో రోగిని చూసినట్టే చూసింది. ఆనక చెయ్యి చాపి విగ్రహం పొట్ట మీద నాలుగు వేళ్లు ఆనించింది.

“కడుపు నొప్పి” అంది. “ఇది కాదు.”

పందిరంతా గొల్లుమంది. నవ్వీ నవ్వీ దగ్గు తెరలు పట్టి ఇద్దరు నీళ్లు తాగారు. ఆ రోజు నుంచి ఇమ్మానుయేలు పేరే కడుపునొప్పి అయింది. అతనూ వాళ్లతో పాటు నవ్వాడు గానీ ఇంటికి పోయి అన్నం సగంలో వదిలేసి లేచాడు. సిగ్గు అంత చేదుగా ఉంటుందని అతనికి అంతకుముందు తెలియదు.

ఆచారి గోరుతో విగ్రహం బుగ్గను కొలిచాడు. “ఇంగ గోరంత రాయి ఉండాది. ఈసారి తప్పితే ముక్కూ ఉండదు, ముఖమూ ఉండదు. రాయిని తీసి మెట్టుకు ఏస్తా. నువ్వు మళ్ల ఉలి ముట్టుకునే పని లేదు.” కోపంగా అనలేదు, రాయి గురించి రాయిలాగే చెప్పాడు. మట్టి అయితే మళ్లీ మెత్తవచ్చు, రాతి మీద ఒకసారి పోయింది పోయినట్టే.

అందుకే ఈ వారం రోజులుగా ఇమ్మానుయేలు ఆ గోనెపట్టా ఎత్తలేదు. వినాయకుడి బొజ్జ ముగించి, నీళ్లు పోసి, అరచేత్తో ఒకసారి నిమిరి చూసుకుని లేచాడు. చేతులు కడుక్కున్నాడు.

“నంద్యాల పోయొస్తా సామీ. దగ్గుమందుకు.”

ఆచారి తలెత్తకుండానే అడిగాడు. “దగ్గుకేనా?”

“దగ్గుకే.”

ఆచారి మళ్లీ ఉలి ఆడించాడు.

బస్సులో సీటు ఖాళీగానే ఉన్నా ఇమ్మానుయేలు కూర్చోడు. అతను కూర్చుని లేచిన చోట తెల్లటి మరక పడుతుంది, పక్కవాళ్ల బట్టలకు అంటుతుంది. కండక్టర్లందరికీ తెలుసు. శిరివెళ్ల దాటేదాకా కమ్మీ పట్టుకుని, రోడ్డుకు రెండువైపులా కంకి వేసిన జొన్నచేలను చూస్తూ నిలబడ్డాడు. తన పని కాని పనికి పోయి పరువు తీసుకున్నానా అని ఒకసారి అనిపించింది. కానీ ఆ పన్నెండు రోజులూ తను ఎంత సంతోషంగా ఉన్నాడో గుర్తొచ్చి, ఆ ఆలోచనను అక్కడే ఆపేశాడు.

దవాఖానా వరండాలో జనం. చీటీలు రాసే నర్సు విజయమ్మ అతన్ని చూడగానే, అడగకుండానే చీటీ మీద దగ్గుమందు రాసేసింది. కొత్తపల్లె ఆడమనిషి, సిస్టరమ్మ దగ్గర పదిహేనేళ్లుగా పనిచేస్తోంది.

“అక్కా, సిస్టరమ్మ భాష నీకేమన్నా వస్తాదా?”

“నాకు యాడొస్తాదప్పా. ఒగ్గ మాట వస్తాది. ఏటా క్రిస్మస్ అయినాక బొంబాయి నుంచి వాళ్ల దేశం సిస్టరొకామె వస్తాది. జీపు దిగంగానే ఇద్దరూ చేతులు పట్టుకుని ‘కోమో తే సియెంతెస్’ అని అడుగుతారు. నీకు ఎట్లనిపిస్తాంది, నీ మనసెట్లుంది అని. ఏందని ఆ బొంబాయామెను అడిగి తెలుసుకున్నా. అది అడిగినారంటే ఇంగ రెండు గంటలు ఈ లోకంలో ఉండరు.”

“నువ్వెప్పుడన్నా సిస్టరమ్మను అడిగినావా?”

“నేనా?” విజయమ్మ కలం ఆగింది. “అడిగితే జవాబు చెప్తాదే. నాకేమన్నా అర్థమయితాదా?”

ఇమ్మానుయేలు చీటీని తిరగేసి ఆమె ముందు పెట్టాడు. “నాకు అర్థం కాకున్నా పర్వాలేదక్కా. చెప్పేటప్పుడు ముఖం కనపడితే చాలు. తెలుగు అక్షరాల్లో రాసియ్యి.”

విజయమ్మ చీటీని దగ్గరికి లాక్కుంది. తర్వాత గుండ్రటి అక్షరాలతో, పలక మీద పిల్లలకు రాసినట్టు రాసిచ్చింది.

ముందు పన్నెండుమంది ఉన్నారు. ఇమ్మానుయేలు గోడకు ఆనుకుని, బొటనవేలిని తొడ మీద గుండ్రంగా రుద్దుతూ వల్లెవేశాడు. ఒక చుట్టుకు కోమో తే, ఇంకో చుట్టుకు సియెంతెస్. పన్నెండుమంది అయ్యేసరికి ఆ మాట నోట్లో నున్నబడింది.

“నొప్పి ఎక్కడ?” సిస్టరమ్మ తలెత్తకుండా అడిగింది.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె కళ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి, కిటికీ వెలుగు ఎడమ బుగ్గ మీద పడుతోంది. వెలుగు సరైన వైపే ఉందని చూసుకున్నాడు.

“కోమో తే సియెంతెస్, సిస్టరమ్మా?”

ఆమె చేతిలోని కలం కాగితం మీదే నిలిచిపోయింది. తలెత్తి అతన్ని చూసింది, అతని వెనక తలుపు వైపు చూసింది, ఇంకెవరో అడిగారేమో అన్నట్టు. ఇమ్మానుయేలు ఇంకోసారి అడిగాడు.

అప్పుడు ఆమె మాట్లాడింది. మొదట ఒక్క మాట. ఆగి, ఇంకో రెండు. తర్వాత ఆగలేదు. ఇరవై రెండేళ్లుగా ఊరందరినీ నొప్పి ఎక్కడని అడిగిన మనిషిని, తిరిగి నీకెలా ఉందని ఆమె భాషలో ఈ ఊరివాడెవడూ అడగలేదు. వరండాలో జనం మాటలు మానేశారు. విజయమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

ఇమ్మానుయేలు ఆ మాటల్లో ఒక్కటీ పట్టుకోలేదు. పట్టుకోవాలని చూడలేదు. చూడవలసినవన్నీ చూశాడు. నుదుట ముడత ఒక్కటీ లేదు. అది అతను అస్సలు అనుకోనిది. కనుబొమలు ముడిపడలేదు, లోపలి చివర్లు కొంచెం పైకి లేచాయంతే. కింది రెప్పలు బరువుగా ఉన్నాయి గానీ తడి లేదు. పెదవులు మాటకూ మాటకూ మధ్య మూసుకున్నప్పుడు బిగుసుకోలేదు, ఒకదాని మీద ఒకటి ఊరికే ఆనుకున్నాయి. గడ్డం మాత్రం రవ్వంత పైకి లేచి ఉంది, ఇప్పుడో ఇంకాసేపటికో లేచి పనికి పోవలసిన మనిషికి ఉన్నట్టు. ఏడవడం అయిపోయింది, లేవడం ఇంకా మొదలు కాలేదు.

ఆ ముఖాన్ని తను ఇంతకుముందు చూశాడు. ఎక్కడ చూశాడో వెంటనే తెలిసి, అతని బొటనవేలు తొడ మీద ఆగిపోయింది.

సిస్టరమ్మ ముగించి, కళ్లద్దాలు తీసి కొంగుకు బదులు తెల్ల గౌను అంచుతో తుడుచుకుంది. “అర్థమా?” అంది తెలుగులో.

“మాటలు కాలేదమ్మా” అన్నాడు ఇమ్మానుయేలు. “మిగతాది అయింది.”

ఆమె నవ్వింది. ఆ నవ్వును అతను కావాలనే చూడలేదు, చూస్తే ముందుది చెదిరిపోతుందని. దగ్గుమందు సీసా తీసుకోవడం కూడా మరిచి బస్టాండుకు పరుగెత్తాడు. దారంతా తువ్వాలు ముఖం మీద కప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఆ ముఖాన్ని నిండుకుండ మోసినట్టు మోసుకొచ్చాడు. మూడున్నరకు పందిట్లోకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా గోనెపట్టా లాగి, ఎర్రమట్టితో రాతి మీద గీతలు పెట్టాడు. నాలుగే గీతలు. ఆచారి వెనక నిలబడి చూశాడు. కడుపునొప్పీ అని ఎవడో పిలవబోతే ఆచారి చెయ్యెత్తి ఆపాడు.

ఇంటికి వెళ్లేసరికి ఇంకా పొద్దుంది. భార్య హన్నమ్మ జొన్నరొట్టె తడుతోంది. ఇమ్మానుయేలు పొయ్యికి ఇవతల గొంతుక్కూర్చున్నాడు.

“హన్నా, మన రూతు పోయిన పొద్దు నీకెట్లనిపించింది?”

ఆమె చేతులు ఆగాయి. రూతు వాళ్ల తొలిబిడ్డ, ఎనిమిది నెలల పిల్ల. బేదులు పట్టి రెండు రోజుల్లో పోయింది. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, పెరిగారు. ఆ పిల్ల పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు.

“పందొమ్మిదేండ్లకా అడిగేది?”

“అడగాలని అప్పుడు తెలీలేదు. ఈపొద్దు నేర్సుకునొచ్చినా.”

హన్నమ్మ రొట్టెను పెనం మీద వేసింది. “ఏడుపయిపోయింది” అంది. “పొయ్యి అంటించల్ల అనుకుంటాండా. లేసినానంటే పాప నిజంగా పోయినట్లు. కూసోనుంటే ఇంగా ఈడనే ఉన్నట్లు. అందుకే పాప పక్కగుడ్డ మడిసినా, ఇప్పినా, మళ్ల మడిసినా. నువ్వు వాకిట్లో ఉన్న్యావు. నన్ను ఒగ్గ మాట అడిగింటే బాగుండు అనుకున్యా.”

ఇమ్మానుయేలు ఆమె ముఖం చూస్తున్నాడు. అవే రెప్పలు, అదే గడ్డం. తప్పు చేశానని చెప్పబోయి, పిండి అంటిన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“వదులు, రొట్టె మాడింది” అంది హన్నమ్మ. కానీ చెయ్యి తీసుకోలేదు.

నాలుగు రోజులు చెక్కాడు. గోరంత రాతిలో సగమే తీశాడు, మిగతా సగం తల్లి ముఖంలోనే ఉండిపోయింది. ఐదోనాడు జీపు వచ్చింది. సిస్టరమ్మతో విజయమ్మ కూడా దిగింది. పందిట్లో ఉలుల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. సిస్టరమ్మ ఈసారి తల వాల్చలేదు, పొట్ట మీద చెయ్యి పెట్టలేదు. చూస్తూ చూస్తూ ఆ రాతిపొడిలోనే, విగ్రహానికి ఎదురుగా చతికిలబడి కూర్చుంది. జేబులోంచి ఆ పటం తీసి, ముఖం లేని చోట బొటనవేలు ఆనించి, విగ్రహాన్నీ దాన్నీ మార్చి మార్చి చూసింది.

“ఇది” అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఏ భాషా వెతుక్కోవలసిన పని లేకపోయింది.

కళ్లు ఒక్కటే మిగిలాయి. ఏ విగ్రహానికైనా కంటిపాపలు చివరికే గీస్తారు. ఆ పని ఆచారి తలస్నానం చేసి వచ్చి తన చేత్తో చేస్తాడు. ఇరవై ఏడేళ్లలో ఇంకొకరి చేతికి ఆ సన్న ఉలి వెళ్లడం ఎవరూ చూడలేదు. ఆచారి దాన్ని గుడ్డలోంచి తీసి ఇమ్మానుయేలు వైపు చాపాడు.

“ముఖం చేసినోడే కండ్లు తెరవల్ల. అది మా పద్ధతి. పో, తానం చేసి రా.”

ఇమ్మానుయేలుకు పాస్టరుగారు గుర్తొచ్చారు, నవ్వొచ్చింది. బోరింగు దగ్గరికి వెళ్లి తల మీద నుంచి నీళ్లు పోసుకున్నాడు. ఎన్నేళ్లకో కనురెప్పలు నల్లబడ్డాయి. తడిబట్టలతోనే వచ్చి, దగ్గును గొంతులో అదిమిపెట్టి, రెండు కళ్లూ తెరిచాడు. అతను లేచి పక్కకు జరిగేసరికి ఆచారి చేతులు జోడించి ఉన్నాడు. అది తల్లికో అతనికో ఎవరూ అడగలేదు. పందిరంతా ఈలలు. నవ్వినవాళ్లే అతన్ని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుని రోడ్డు దాకా తిప్పితే, బస్సు ఆపి కండక్టరు కూడా చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత ఇమ్మానుయేలు మళ్లీ రుద్దడానికే కూర్చున్నాడు. అప్పుడప్పుడూ ఒక ముఖం వచ్చేది. నంద్యాల పోయినప్పుడల్లా సిస్టరమ్మను ఆ ప్రశ్న అడిగేవాడు, ఆమె చెప్పేది, అతను వినేవాడు.

కొన్నేళ్లకు, పంతొమ్మిది వందల ఎనభై మూడు వానాకాలంలో, ఊపిరితిత్తుల నిండా రాయి చేరిందని అదే దవాఖానాలో పడుకోబెట్టారు. వరండాలో, తల్లికి ఎదురుగా ఉన్న మంచం కావాలని తనే అడిగి వేయించుకున్నాడు. ఒక ఉదయం సిస్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. నొప్పి ఎక్కడని అడగలేదు. విజయమ్మ దగ్గర నేర్చుకున్న మాటను, ఒక్కో అక్షరం జాగ్రత్తగా పలుకుతూ అడిగింది.

“మనసు ఎట్లుంది, ఇమ్మానుయేలూ?”

“బాగుండాది సిస్టరమ్మా” అన్నాడు. “శానా బాగుండాది.” హన్నమ్మ అతని చదునైన బొటనవేలిని పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం మూడు గంటలకు వరండాలోకి ఎండ వచ్చేసరికి ఆ చెయ్యి చల్లబడింది.

హన్నమ్మ బైబిలు మధ్య ఒక దవాఖానా చీటీ ఉంటుంది. ఒకవైపు దగ్గుమందు, రోజుకు మూడు మార్లు. రెండోవైపు గుండ్రటి తెలుగు అక్షరాల్లో తెలుగు కాని మూడు మాటలు, వాటి పక్కన రాతిపొడితో పడి, ఎన్నిసార్లు మడిచి విప్పినా చెరగని తెల్లటి బొటనవేలి ముద్ర.